నల్ల తెర మీద పెన్న, పాపాఘ్ని: లాగిన్ బ్యానర్ పని డైరీ

ఆదివారం: ఈ పని ఎందుకంటే

మా స్టడీ సెంటర్ కడపలో ఎర్రముక్కపల్లి వైపు, ఒక ఇంటి పైఅంతస్తులో ఉంది. సాయంత్రమైతే డిగ్రీ, పాలిటెక్నిక్ పిల్లలు వస్తారు. వాళ్లు లినక్స్ నేర్చుకోవడానికి నాలుగు పాత కంప్యూటర్లను షెల్ఫులో పెట్టాం. నాలుగింటిలోనూ డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం) ఉంది. గ్రాఫికల్ డెస్క్‌టాప్ లేదు, ఉత్త టెక్స్ట్ కన్సోలే, అంటే అక్షరాలు మాత్రమే చూపించే తెర. నాలుగింటికీ కలిపి 17 అంగుళాల మానిటర్ ఒకటి, కీబోర్డు ఒకటి, మధ్యలో కేవీఎం స్విచ్, బటన్ నొక్కితే వాటిని ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు మార్చేది. పిల్లలు ఎక్కువగా ఫోన్ల నుంచి, ఇంట్లో వాడి పక్కన పడేసిన లాప్‌టాప్‌ల నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా వేరే మెషీన్‌లో లాగిన్ అయ్యే పద్ధతితో) వాటిలోకి వెళ్లి ప్రాక్టీసు చేస్తారు.

పేర్లు మా జిల్లా నదులవి. బ్యాకప్‌లు దాచే మెషీన్ పేరు పెన్న. మిగిలినవి పాపాఘ్ని, కుందూ, చెయ్యేరు. మూడూ పోయి పెన్నలో కలిసేవే కాబట్టి, రాత్రిపూట ఆ మూడింటిలోని ఫోల్డర్లు పెన్నలోకి కాపీ అవుతాయని కడప పిల్లలకు విడిగా చెప్పే పని లేదు.

ఇబ్బంది ఎక్కడంటే స్విచ్ దగ్గర. ఏ బటన్ నొక్కినా అదే నల్ల తెర, అదే డెబియన్ వరుస, దాని చివర చిన్న అక్షరాల్లో మెషీన్ పేరు. "అన్నా, ఇది యా మిషనన్నా?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. కరెంటు పోయి వచ్చాక వైఫై రూటర్ ఒక్కోసారి మెషీన్లకు కొత్త అడ్రసులు ఇస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లాలంటే ఆ అడ్రసు తెలియాలి, అది తెలియాలంటే ముందు ఇక్కడికొచ్చి లాగిన్ అయి కమాండ్ కొట్టాలి. కొత్తగా చేరిన పిల్లలకు ఆ కమాండే తెలియదు. పైగా విండోస్ అలవాటు కొద్దీ లాగిన్ తెర కనబడగానే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కుతారు. లినక్స్ కన్సోల్ దగ్గర అలా నొక్కితే పాస్‌వర్డ్ అడగకుండానే మెషీన్ రీబూట్ అవుతుంది. ఫోన్ల నుంచి అందులో పనిచేస్తున్న మిగతా వాళ్లందరికీ కనెక్షన్ తెగిపోతుంది.

కాబట్టి లాగిన్ తెరనే నోటీసు బోర్డుగా మార్చాలని నిర్ణయించాను. లాగిన్ కాకముందు, తెర ముందు నిలబడ్డ మనిషికి అవసరమైనదే అందులో ఉండాలి. ఉన్న ప్రతి ముక్కా ఆ నిమిషానికి నిజం కావాలి. మెషీన్ పేరు మాత్రం దూరం నుంచి కూడా చదివేంత పెద్దగా, తెలుగులో కనబడాలి. సి.పి. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద వచ్చి, పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలకు నకళ్లు రాయించిన ఊరు ఇది. ఆయన పేరున్న గ్రంథాలయం మా ఎర్రముక్కపల్లిలోనే ఉంది. ఇక్కడి పిల్లలు రోజూ చూసే తెర మీద ఒక్క తెలుగు అక్షరం కూడా లేకపోవడం నాకు బాధగానే ఉండేది.

సోమవారం: ఆ వరుస ఎక్కడి నుంచి వస్తోంది

కన్సోల్ మీద లాగిన్ ప్రాంప్ట్ చూపించే ప్రోగ్రాం పేరు ఎగెట్టీ. యూటిల్-లినక్స్ ప్యాకేజీలో వస్తుంది. ప్రాంప్ట్‌కు ముందు అది ఈటీసీ డైరెక్టరీలోని (సెట్టింగ్ ఫైళ్లుండే చోటు) ఇష్యూ అనే ఫైలు చదివి తెర మీద పెడుతుంది. లాగిన్ అయ్యాక వచ్చే సందేశం దీనికి సంబంధం లేనిది, దాని ఫైలు ఎంఓటీడీ. రెండింటినీ కలిపేసుకుంటే పని జరగదు: మాకు కావాల్సింది లాగిన్‌కు ముందు కనబడేది.

ఇష్యూ ఫైలులో బ్యాక్‌స్లాష్ పక్కన ఒక అక్షరం రాస్తే ఎగెట్టీ దాని స్థానంలో అసలు విలువ పెడుతుంది. చిన్న ఎన్ రాస్తే మెషీన్ పేరు, చిన్న ఎల్ రాస్తే టీటీవై (ఆ కన్సోల్) పేరు, చిన్న టీ రాస్తే టైము, 4 అంకె రాస్తే ఐపీ అడ్రసు, పెద్ద యూ రాస్తే ఎంతమంది లాగిన్ అయి ఉన్నారో ఆ లెక్క. చిన్న ఈ పక్కన మీసాల బ్రాకెట్లలో రంగు పేరు రాస్తే అక్కడి నుంచి రంగు మారుతుంది. ఈ అడ్రసు గుర్తు నాకు బాగా నచ్చింది. అది వాడితే ఎగెట్టీ నెట్‌వర్క్ మార్పులను తనే గమనిస్తూ, రూటర్ కొత్త అడ్రసు ఇవ్వగానే తెరను మళ్లీ రాస్తుంది. మా ఇబ్బందుల్లో సగం ఈ ఒక్క గుర్తుతోనే తీరిపోయింది.

అయితే ఇష్యూ ఫైలులో నేరుగా చెయ్యి పెట్టడం నాకు ఇష్టం లేదు. డెబియన్‌లో అది బేస్-ఫైల్స్ ప్యాకేజీ సొత్తు. మనం మార్చి ఉంటే, తర్వాత అప్‌గ్రేడ్‌లో కొత్త ఫైలు వచ్చినప్పుడు "మీది ఉంచాలా, మాది పెట్టాలా" అని అడుగుతుంది. నేను లేనప్పుడు అప్‌గ్రేడ్ చేసే పిల్లలకు ఆ ప్రశ్న అనవసరపు టెన్షన్. అదే ఈటీసీలో ఇష్యూ డాట్ డీ అనే డైరెక్టరీ పెట్టుకుంటే, అందులో డాట్ ఇష్యూ అని ముగిసే ఫైళ్లన్నిటినీ ఎగెట్టీ అసలు ఫైలు తర్వాత వరుసగా చూపిస్తుంది. పేరు చివర డాట్ ఇష్యూ లేకపోతే ఆ ఫైలును పట్టించుకోదు, తప్పుందని కూడా చెప్పదు. బ్యానర్ రాసి పెట్టినా ఏమీ కనబడలేదంటే మొదట చూడాల్సింది ఇదే.

అయిదు నిమిషాలకొకసారి మారే ఫైలును ఈటీసీలో రాయడం పద్ధతి కాదు. అలాంటివాటి చోటు రన్ డైరెక్టరీ. అది ర్యామ్‌లో ఉంటుంది, రీబూట్‌తో తుడిచిపెట్టుకుపోతుంది. ఎగెట్టీ 2.35 వెర్షన్ నుంచి రన్‌లో కూడా వెతుకుతుంది గానీ, ఈటీసీలో ఇష్యూ ఫైలు లేనప్పుడే. డెబియన్‌లో ఆ ఫైలు ఎప్పుడూ ఉంటుంది. అందుకని ఈటీసీ ఇష్యూ డాట్ డీలో సింబాలిక్ లింక్ (వేరే చోటున్న ఫైలుకు దారి చూపే పేరు) ఒకటి పెట్టి, దాన్ని రన్‌లోని ఫైలుకు చూపించాను. లింక్ పేరు డాట్ ఇష్యూతో ముగిస్తే చాలు.

మంగళవారం: స్క్రిప్టు

స్క్రిప్టు చిన్నదే. మెషీన్ ఉష్ణోగ్రత, డిస్కులో మిగిలిన చోటు, చివరి బ్యాకప్ ఎప్పుడు అయింది, ఈ మూడూ చూసి రన్‌లో ఫైలు రాస్తుంది. పేరు, అడ్రసు, టైము, ఎంతమంది ఉన్నారన్న లెక్క ఎగెట్టీ చూసుకుంటుంది, వాటి జోలికి స్క్రిప్టు పోదు. ఎగెట్టీ స్వయంగా చెప్పగలిగిన దాన్ని స్క్రిప్టుతో చెప్పిస్తే అది పాతబడుతుంది.

డెబియన్‌లో ఎస్‌హెచ్ (కమాండ్లను నడిపే షెల్) అంటే డ్యాష్ అనే ప్రోగ్రాం. డ్యాష్‌లో ఎకో కమాండ్ బ్యాక్‌స్లాష్‌ను తనే అర్థం చేసుకుంటుంది. అంటే మెషీన్ పేరు కోసం బ్యాక్‌స్లాష్ ఎన్ రాస్తే, అది ఎగెట్టీ దాకా చేరకుండా కొత్త వరుస అయిపోతుంది. అందుకే ఇలాంటి స్క్రిప్టుల్లో ఎకో వద్దు, ప్రింట్ఎఫ్ వాడి, ముందు శాతం ఎస్ అనే ఫార్మాట్ ఇచ్చి, మన వరుసను దాని తర్వాత ఇవ్వాలి. అప్పుడు బ్యాక్‌స్లాష్ చెక్కుచెదరకుండా ఫైలులోకి చేరుతుంది. ఫిగ్లెట్ లాంటి ప్రోగ్రాములతో గీసిన అక్షరాలు పెట్టుకునేవాళ్లకు ఇంకో జాగ్రత్త. ఆ గీతల్లో బ్యాక్‌స్లాష్‌లు ఉంటాయి, ఎగెట్టీ వాటిని తనకిచ్చిన గుర్తులనుకుంటుంది. ఒక్కోదాన్ని రెండుసార్లు రాస్తే సరిపోతుంది.

ఉష్ణోగ్రత కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రాం) దగ్గర దొరుకుతుంది. సిస్ డైరెక్టరీలో థర్మల్ కింద ఒక్కో జోనుకు ఒక్కో ఫోల్డర్ ఉంటుంది, అందులోని టెంప్ ఫైలులో డిగ్రీలు వెయ్యి రెట్లుగా ఉంటాయి. 62000 అని ఉంటే 62 డిగ్రీలు. మొదటి జోనునే తీసుకుంటే కుదరదు, పాత బోర్డుల్లో అది కదలని అంకె చూపించవచ్చు. ప్రతి జోను టైప్ ఫైలు చదివి, ప్రాసెసర్ ప్యాకేజీది ఏదో చూసి దాన్నే తీసుకునేలా రాశాను. కడప ఎండల్లో, మిద్దె కింద గదిలో ఈ వరుస ఊరికే అలంకారం కాదు. 80 దాటితే ఎర్రగా వస్తుంది. ఎరుపు కనబడితే కిటికీ తెరవమని, ఫ్యాను షెల్ఫు వైపు తిప్పమని పిల్లలకు చెప్పి ఉంచాను.

బ్యాకప్ వరుస అన్నిటికన్నా ముఖ్యం. ఆర్‌సింక్ (ఫోల్డర్లను కాపీ చేసే ప్రోగ్రాం) సక్రమంగా ముగిసినప్పుడు మాత్రమే ఒక ఖాళీ ఫైలు టైమును తాజా చేసేలా రాత్రి స్క్రిప్టును సవరించాను. ఆ ఫైలు చివరిసారి మారిన సమయమే చివరి బ్యాకప్ సమయం. రెండు రోజులు దాటితే అది కూడా ఎరుపు.

ఫైలు రాసే పద్ధతిలోనూ ఒక కిటుకుంది. నేరుగా అసలు పేరు మీద రాస్తే, సగం రాసినప్పుడు ఎగెట్టీ చదివితే సగం బ్యానరే కనబడుతుంది. అదే డైరెక్టరీలో వేరే పేరుతో మొత్తం రాసేసి, చివర ఎంవీ కమాండ్‌తో పేరు మార్చాలి. ఒకే ఫైల్ సిస్టమ్ లోపల పేరు మార్పు ఒక్క దెబ్బతో జరిగే పని కాబట్టి చదివేవాళ్లకు పాతది మొత్తం గానీ, కొత్తది మొత్తం గానీ దొరుకుతుంది.

స్క్రిప్టును సిస్టమ్‌డీ (మెషీన్‌లోని సర్వీసులను నడిపించే ప్రోగ్రాం) టైమర్ అయిదు నిమిషాలకొకసారి నడుపుతుంది. చివర ఎగెట్టీకే రీలోడ్ ఆప్షన్ ఇచ్చి పిలిస్తే, నడుస్తున్న ఎగెట్టీలన్నీ తెరను కొత్తగా రాస్తాయి. అప్పటికే ఎవరైనా యూజర్ నేమ్ టైప్ చేయడం మొదలుపెట్టి ఉంటే వాళ్ల తెరను కదిలించవు. ఈ మర్యాద తెలిసి రాసినవాళ్లంటే నాకు గౌరవం.

ఇక నిజం సంగతి. టైమర్ ఎప్పుడైనా ఆగిపోతే తెర మీద పాత వివరాలే మిగిలిపోతాయి, చూసేవాళ్లు అవి ఇప్పటివే అనుకుంటారు. దానికి మందుగా, వివరాలు తీసిన టైమును స్క్రిప్టు రాస్తుంది, దాని పక్కనే తెర రాసిన టైమును ఎగెట్టీ రాస్తుంది. వాటిలో ఏదైనా ఇప్పటి టైము కన్నా పది నిమిషాలకు మించి వెనకబడి ఉంటే కింది వివరాలు నమ్మొద్దని గోడ మీద కాగితం అంటించాను.

గురువారం: తెలుగు ఎందుకు రాదు

ఇష్యూ ఫైలులో యూనికోడ్‌లో పెన్న అని రాసి పెడితే కన్సోల్ మీద అక్షరాల బదులు అర్థం కాని గుర్తులు వస్తాయి. కెర్నల్‌లోని టెక్స్ట్ కన్సోల్ ఒక కోడ్‌కు ఒక బొమ్మ చొప్పున, ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ పెడుతుంది. అంతకుమించి దానికి తెలియదు. తెలుగులో న కింద నావత్తు చేరాలి, ప మీద ఎత్వం కూర్చోవాలి, ఒక్కో అక్షరం వెడల్పు ఒక్కో రకం. ఈ కూర్పు చేసే హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీ కెర్నల్‌లో ఉండదు, ఉండాల్సిన చోటు కూడా కాదది. పైగా కన్సోల్ ఫాంట్‌లో 512 బొమ్మలకు మించి పట్టవు.

అయినా బొమ్మ బొమ్మే కదా. అక్షరాలను ముందే కూర్చి, బొమ్మగా మార్చి తెస్తే కన్సోల్‌కు అభ్యంతరం ఏముంటుంది? పాంగో-వ్యూ అనే కమాండ్‌కు ఫాంట్ పేరు, పదం ఇస్తే హార్ఫ్‌బజ్ సాయంతో వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చి చిత్రంగా ఇస్తుంది. ఇమేజ్‌మ్యాజిక్‌తో దాన్ని నలుపు తెలుపులోకి దించవచ్చు.

మొదట సగం గడుల పద్ధతి చూశాను. గడిలో పైసగం మాత్రమే నిండిన గుర్తు, కిందిసగం నిండిన గుర్తు, మొత్తం నిండిన గుర్తు పాత ఐబీఎం పీసీ కాలం నుంచీ ఉన్నవే, కెర్నల్‌లో అమర్చి వచ్చే ఫాంట్‌లోనూ ఉన్నాయి. గడి 8 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు. సగానికి కోస్తే 8కి 8, సరిగ్గా చతురస్రం. కాబట్టి చిత్రంలో రెండేసి వరుసలు తీసుకుని, పైచుక్క కిందిచుక్క చూసి నాలుగింటిలో ఒక గుర్తు వేసుకుంటూ పోవడమే. ఆక్ అనే టెక్స్ట్ పనుల భాషలో కొద్ది వరుసల పని.

పెన్న బాగా వచ్చింది. కుందూ కూడా. చెయ్యేరులో యావత్తు కొంచెం ముద్దగా ఉన్నా చదవగలిగాం. పరీక్ష పెట్టింది పాపాఘ్ని. ఘ కడుపులోని మెలికలు, కింద నావత్తు, పైన గుడి, ఇవన్నీ 24 చతురస్రాల ఎత్తులో ఇమడవు. సన్నటి ఫాంట్ పెడితే గీతలు తెగుతాయి, లావుది పెడితే సున్నాలు పూడిపోతాయి. రామభద్ర ఫాంట్ బోర్డుల మీద అద్భుతంగా ఉంటుంది గానీ ఈ కొలతలో ఘ ఒక గడ్డలా మిగిలింది. ఇంకా పెద్దది చేస్తే తెరంతా పేరే. పిల్లల్లో ఒకమ్మాయి చూసి, "అన్నా, తెలిసినోళ్లకే పాపాఘ్ని, తెలియనోళ్లకు కాదు" అంది. నిజమే. తెలియనివాళ్ల కోసమే కదా ఈ బ్యానర్.

శనివారం: మా సొంత ఫాంట్

ఫాంట్‌లో 512 బొమ్మలు పడతాయి. ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు, గీతలకు 256 చాలు. మిగిలిన 256 ఖాళీ గడుల్లో మన పేరును ముక్కలుగా కోసి పెట్టుకుంటే? అప్పుడు ఒక్కో గడికి 8 వెడల్పు, 16 ఎత్తు చొప్పున పూర్తి చుక్కలు దొరుకుతాయి. ఫ్రేమ్‌బఫర్ కన్సోల్‌లో (తెరను చుక్క చుక్కగా గీసే రకం) గడుల మధ్య సందు ఉండదు కాబట్టి ముక్కలు అతుకు కనబడకుండా కలిసిపోతాయి. ఈ ఆలోచన వచ్చాక ఇక వేరే పని మీద మనసు పోలేదు.

లెక్క ఇలా కుదిరింది. పేరుకు 256 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు. అంటే అడ్డంగా 32 గడులు, నిలువుగా 4, మొత్తం 128. ఇంకా 128 మిగిలాయి. వాటిని 64 గడుల చొప్పున రెండు వరుసలు చేస్తే 512 వెడల్పు, 32 ఎత్తు. అందులో ఒక తెలుగు వాక్యం పడుతుంది.

పీఎస్ఎఫ్ (కన్సోల్ ఫాంట్ల ఫార్మాట్) మొదటి రకం ఫాంట్ ఫైలుది చాలా సాదా నిర్మాణం. ముందు నాలుగు బైట్లు: 54, 4, 1, 16. మొదటి రెండూ ఇది పీఎస్ఎఫ్ అని చెప్పే గుర్తు, 1 అంటే 512 బొమ్మలు, 16 అంటే ఒక్కో బొమ్మకు 16 బైట్లు. తర్వాత వరుసగా బొమ్మలే. ఒక బైటు అంటే ఒక అడ్డు వరుసలోని 8 చుక్కలు, 1 ఉన్నచోట వెలుగు. ఇంకో పక్క పీబీఎం అనే నలుపు తెలుపు చిత్రాల ఫార్మాట్ బైనరీ రకంలోనూ సరిగ్గా ఇదే అమరిక. 8 చుక్కలకు ఒక బైటు, ఎడమ చుక్కది పెద్ద బిట్, నలుపుకు 1. తెల్లకాగితం మీద నల్లగా రాసిన పేరు, ఏమీ తిప్పకుండానే నల్ల తెర మీద వెలుగు అక్షరం అవుతుంది. వేర్వేరు పనుల కోసం పుట్టిన రెండు ఫార్మాట్లు ఇంత చక్కగా కలవడం చూసి ఆ రాత్రి చాలా సంతోషించాను.

ఇక చేయాల్సింది బైట్ల వరుస మార్చడమే. చిత్రంలో ఒక అడ్డు గీతకు 32 బైట్లు. ఒక గడికి కావాల్సిన 16 బైట్లు 32 చొప్పున ఎడంగా ఉంటాయి. ఓడీ కమాండ్‌తో బైట్లను అంకెలుగా తీసి, ఆక్‌లో పట్టికగా పెట్టుకుని, గడి ప్రకారం బయటికి రాయడం. ఓడీకి చిన్న వీ ఆప్షన్ తప్పకుండా ఇవ్వాలి, లేకపోతే ఒకేలా ఉన్న వరుసలను నక్షత్రం గుర్తు పెట్టి దాటేస్తుంది. పేరు చుట్టూ ఖాళీ వరుసలే ఎక్కువ కాబట్టి లెక్క మొత్తం చెడుతుంది. బయటికి రాసేటప్పుడు ఆక్ చేతే బైట్లు రాయించకూడదు. గాక్ (ఆక్‌లో ఒక రకం) యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి) వాతావరణంలో 127 దాటిన విలువను రెండు బైట్లు చేస్తుంది. ఆక్ చేత ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే) అంకెలు రాయించి, షెల్‌లోని ప్రింట్ఎఫ్ చేత వాటిని బైట్లుగా మార్పించాను. డ్యాష్‌లోని ప్రింట్ఎఫ్‌కు హెక్స్ (పదహారు ఆధారంగా లెక్కించేది) తెలియదు, ఆక్టల్ తెలుసు.

మొదటి 256 బొమ్మలకు డెబియన్ ఇచ్చే ఫాంట్‌నే తీసుకున్నాను. దాని తలలోని నాలుగు బైట్లు వదిలి, తర్వాతి 4096 బైట్లు కత్తిరించడమే. వాటికి పేరు ముక్కలు 2048 బైట్లు, వాక్యం ముక్కలు 2048. మొత్తం 8192, తలతో కలిపి 8196. ఫైలు సైజు సరిగ్గా అంతే వచ్చిందా అని చూసుకోవడం అన్నిటికన్నా తేలికైన పరీక్ష. పాత ఫాంట్‌లోని యూనికోడ్ పట్టికను పీఎస్ఎఫ్-గెట్-టేబుల్‌తో బయటికి తీసి, పీఎస్ఎఫ్-యాడ్-టేబుల్‌తో కొత్తదానికి అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గీతలు మునుపటిలాగే పనిచేస్తాయి.

మన ముక్కలకు ఏ కోడ్ ఇవ్వాలి? దీనికి కెర్నల్‌లోనే దారి ఉంది. యూనికోడ్ సొంత వాడకపు ప్రాంతంలో ఎఫ్000 నుంచి ఎఫ్1ఎఫ్ఎఫ్ వరకు ఉన్న కోడ్‌లను లినక్స్ కన్సోల్ ఏ పట్టికా చూడకుండా నేరుగా ఫాంట్‌లోని స్థానాలుగా తీసుకుంటుంది. అంటే మన ముక్కలు ఎఫ్100 నుంచి మొదలు. యూటీఎఫ్-8లో ఒక్కో కోడ్‌కు మూడు బైట్లు, ఆక్టల్‌లో మొదటిది ఎప్పుడూ 357. రెండోది 204 అయితే పేరులో పైరెండు వరుసలు, 205 అయితే కింది రెండు, 206 వాక్యం పైవరుస, 207 కిందివరుస. మూడోది 200 నుంచి 277 వరకు పెరుగుతూ పోతుంది. బ్యానర్ రాసే లూపు అంత చిన్నదిగా తేలింది.

వీజీఏ టెక్స్ట్ మోడ్‌లోనే (అక్షరాలను వీడియో కార్డే గీసే పాత పద్ధతి) ఉన్న మెషీన్లకు ఈ పద్ధతి అంత నప్పదు. అక్కడ 512 బొమ్మల ఫాంట్ పెడితే అక్షరాల రంగులు 16 నుంచి 8కి తగ్గుతాయి. మావి ఫ్రేమ్‌బఫర్ మీద ఉన్నాయి కాబట్టి ఆ గొడవ లేదు.

పాపాఘ్ని ఈసారి గదికి ఆ చివరి నుంచి కూడా పాపాఘ్నిలాగే ఉంది. ఘ మెలికలు, నావత్తు తోక, గుడి, అన్నీ విడివిడిగా. ఫాంట్ మాత్రం రామభద్ర కాదు, దానికన్నా సన్నగా ఉండే పోతన.

ఆదివారం: వాక్యం ఏం పెట్టాలి

పేరు కింద పట్టే ఆ ఒక్క తెలుగు వాక్యం గురించి సెంటర్‌లో పెద్ద చర్చే నడిచింది. పిల్లలు "ఆఫ్ చేయరాదు" అన్నారు. ఇంటి యజమాని రిటైరైన టీచరు, మేమంతా అయివారు అని పిలుస్తాం. ఆయన ఒప్పుకోలేదు. "నేర్చుకునే చోట రాదు, కూడదు అని మొదలుపెట్టొద్దప్పా. లోపల మీ స్నేహితులు పని చేసుకుంటున్నారు అని రాయండి, ఎవరూ ముట్టుకోరు" అన్నారు. మాట బాగుంది. కానీ ఫాంట్‌లో చెక్కిన వాక్యం మారదు, లోపల ఎవరూ లేనప్పుడు అది అబద్ధమవుతుంది. అయివారికి ఇది చెబితే వెంటనే సరేనన్నారు, కాసేపు ఆలోచించి వేరే వాక్యం ఇచ్చారు: "ఇది అందరి మెషీన్. అడిగి ఆఫ్ చేయండి." ఎప్పుడైనా నిజమే. 32 చుక్కల ఎత్తులో చక్కగా పట్టింది. లోపల ఎంతమంది ఉన్నారో కింది వరుసలో ఎగెట్టీ అంకెలో చెబుతుంది, ఆయన మొదటి మాట కూడా అలా వృథా కాలేదు.

కంట్రోల్-ఆల్ట్-డిలీట్ సంగతికి బ్యానర్ హెచ్చరిక మందు కాదు. అలవాటుగా కదిలే వేళ్లు చదివి ఆగవు. సిస్టమ్‌డీలో కంట్రోల్-ఆల్ట్-డెల్ అనే టార్గెట్‌ను మాస్క్ చేస్తే (పూర్తిగా మూసేస్తే) ఒకసారి నొక్కినా ఏమీ జరగదు. రెండు సెకన్లలో ఏడు సార్లకు మించి నొక్కితే సిస్టమ్‌డీ బలవంతంగా రీబూట్ చేసే ఏర్పాటు ఇంకొకటి ఉంది, దాన్ని సిస్టమ్ కాన్ఫిగ్ ఫైలులో బర్స్ట్ యాక్షన్ దగ్గర నన్ అని పెట్టి ఆపాలి. రెండూ చేశాను.

ఫాంట్‌ను ఎప్పుడు ఎక్కించాలి అన్నది కూడా ఈ రోజే తేల్చాను. కన్సోల్-సెటప్ సర్వీసు బూట్ సమయంలో తన ఫాంట్ పెడుతుంది, మనది దాని తర్వాత రావాలి. ఒకటో కన్సోల్‌లో ఎగెట్టీని నడిపే గెట్టీ సర్వీసుకు డ్రాప్-ఇన్ (అసలు సెట్టింగ్‌కు పైన చేర్చే) ఫైలు రాసి, కన్సోల్-సెటప్ తర్వాతే మొదలవ్వాలని చెప్పి, ఎగెట్టీకి ముందు సెట్‌ఫాంట్ నడిచేలా చేశాను. అదే డ్రాప్-ఇన్‌లో ఎగెట్టీకి ఇష్యూ-ఫైల్ ఆప్షన్‌తో రన్‌లోని బ్యానర్ ఫైలు ఇచ్చాను. కొత్త ఎగ్జెక్‌స్టార్ట్ (ఏ కమాండ్ నడపాలో చెప్పే) వరుసకు ముందు ఖాళీ ఎగ్జెక్‌స్టార్ట్ వరుస ఒకటి ఉండాలి, లేకపోతే పాతది కూడా లెక్కలో ఉండి సిస్టమ్‌డీ ఒప్పుకోదు. మొదట్లో పెట్టిన సింబాలిక్ లింక్ ఇప్పుడు రెండో కన్సోల్ నుంచి మిగతావాటికి పనికొస్తోంది. అక్కడ మన ఫాంట్ ఉండదు కాబట్టి వాటికి పెద్ద పేరు లేని, ఇంగ్లీషు అక్షరాల బ్యానర్ వెళుతుంది.

బుధవారం: ఎస్ఎస్‌హెచ్ వాళ్లకు ఏం చూపించాలి

ఫోన్ల నుంచి వచ్చేవాళ్లకూ ఇదే చూపించొచ్చు కదా అని అడిగారు. వద్దన్నాను. ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఇష్యూ ఫైలును తనంతట చూపించదు. బ్యానర్ అనే సెట్టింగ్‌లో ఫైలు పేరిస్తేనే పాస్‌వర్డ్‌కు ముందు పంపుతుంది, అదీ ఉన్నదున్నట్టుగా. బ్యాక్‌స్లాష్ గుర్తులు దానికి తెలియవు, మన ఫాంట్ ముక్కలు వాళ్ల ఫోన్లలో ఖాళీ డబ్బాలుగా కనబడతాయి. అంతకన్నా పెద్ద కారణం, లాగిన్‌కు ముందు వచ్చే మాట నెట్‌వర్క్‌లో ఎవరు తలుపు తట్టినా కనబడుతుంది. డిస్కు ఎంత నిండింది, బ్యాకప్ ఎన్నాళ్లుగా కాలేదు లాంటివి గదిలోకి వచ్చి నిలబడ్డ మనిషికి చెప్పొచ్చు గానీ ఎక్కడున్నాడో తెలియని మనిషికి చెప్పాల్సిన పని లేదు. అదే కారణంతో కెర్నల్ వెర్షన్‌ను గది తెర మీద కూడా పెట్టలేదు, దానివల్ల పిల్లలకు ఉపయోగం లేదు.

లాగిన్ అయ్యాక మాత్రం వాళ్లకు తెలుగు మామూలు యూనికోడ్‌లోనే ఇవ్వొచ్చు, ఫోన్లకు తెలుగు కూర్పు వచ్చు. అప్‌డేట్-ఎంఓటీడీ డాట్ డీ డైరెక్టరీలో చిన్న స్క్రిప్టు పెడితే పామ్ (లాగిన్ పనులు చూసుకునే వ్యవస్థ) దాన్ని ప్రతి లాగిన్‌కూ నడిపి చూపిస్తుంది. మెషీన్ పేరు, బ్యాకప్ వరుస, రెండే పెట్టాను.

శుక్రవారం: నాలుగింటికీ

పాంగో, ఇమేజ్‌మ్యాజిక్, తెలుగు ఫాంట్లు పెన్నలో మాత్రమే ఉన్నాయి. పేర్ల పట్టిక ఒక టెక్స్ట్ ఫైలు: ఎడమ హోస్ట్‌నేమ్, కుడి తెలుగు పేరు. స్క్రిప్టు ఒక్కో వరుసకు ఒక్కో ఫాంట్ ఫైలు చేసి, ఆయా మెషీన్‌కు పంపుతుంది. మిగతా మూడింటిలో బ్యానర్ రాసే షెల్ స్క్రిప్టు, టైమర్, డ్రాప్-ఇన్ ఉంటే చాలు. కొత్త ప్యాకేజీలేవీ అక్కర్లేదు. కుందూలో ఇది పెట్టే పని మొత్తం పాలిటెక్నిక్ పిల్లలిద్దరు చేశారు, నేను పక్కన కూర్చుని చూశానంతే.

ఇప్పుడు బటన్ నొక్కగానే పెద్ద తెలుగు అక్షరాల్లో పేరు, దాని కింద అయివారి వాక్యం, తర్వాత అడ్రసు, లోపల ఉన్నవాళ్ల లెక్క, ఉష్ణోగ్రత, డిస్కు, బ్యాకప్, రెండు టైములు వస్తున్నాయి. నిన్న కరెంటు పోయి వచ్చాక చెయ్యేరు అడ్రసు మారింది. ఒక పిల్లాడు ఎవరినీ అడక్కుండా షెల్ఫు దగ్గరికి వెళ్లి, తెర చూసి అడ్రసు ఫోన్‌లో కొట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

ఇంకా మిగిలిన పని ఉంది. బ్యాకప్ వరుస ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే వస్తోంది. వాక్యానికి ఇచ్చిన 128 గడుల్లో వెనకవైపు కొన్ని ఖాళీగానే ఉన్నాయి. "బ్యాకప్" అనే మాటను అక్కడ పెట్టి, అంకెలను మామూలు ఫాంట్‌తో దాని పక్కన రాస్తే ఎలా ఉంటుందో వచ్చే వారం చూస్తాం. అయిదో మెషీన్ ఇస్తామని ఒకరు మాటిచ్చారు. దాని పేరు చిత్రావతి. పట్టికలో వరుస చేర్చి ఫాంట్ ఫైలు చేసి చూశాను, త కింద రావత్తు స్పష్టంగానే వచ్చింది. కేవీఎం స్విచ్‌లో మాత్రం నాలుగే పోర్టులున్నాయి, ముందు దాని సంగతి చూడాలి.